సీసాలో ఏడు పిన్నులు

కుడికంటి కట్టు విప్పిన రోజు నేను మొదట చేసిన పని మా ఆయనతో గొడవ పెట్టుకోవడం. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని నాకోసం ఎదురుచూస్తున్న మనిషి ఒంటిమీద నేనెన్నడూ ఎరగని తెల్లచొక్కా ఉంది.

"ఇదెప్పుడు కొన్నారు? నాతో ఒక్కమాట చెప్పాలనిపించలేదా?"

"ఏది?"

"ఈ చొక్కా. మీ మీగడరంగు చొక్కా ఏమైంది?"

"నాకు మీగడరంగు చొక్కా ఎక్కడిదే? మూడేళ్ళ నుంచి ఇదే కదా తొడుగుతున్నా. వారానికి రెండుసార్లు ఉతికేది నువ్వేగా!"

కుడికన్ను మూసి ఎడమకంటితో చూశాను. మీగడరంగు. ఎడమది మూసి కుడికంటితో చూశాను. తెలుపు, పైగా నీలిమందు పెట్టిన తెలుపు. నేనలా ఒక కన్ను తర్వాత ఇంకోటి మూస్తూ తెరుస్తూ ఉంటే, పక్కన కూర్చున్న ముసలాయన తనకే కన్ను కొడుతున్నాననుకున్నాడు కాబోలు, గబుక్కున మొహం తిప్పేసుకున్నాడు. మా ఆయన తల వంచుకుని నవ్వుకున్నాడు.

డాక్టరమ్మ తేలిగ్గా తీసిపారేసింది. "కంట్లో పొర బాగా ముదిరి పసుపురంగుకి తిరిగిందమ్మా. ఇన్నేళ్ళూ దాన్లోంచే చూశారు. కుడివైపు తీసేశాం, ఎడమవైపు ఇంకా ఉంది. అది కూడా చేసేదాకా రంగుల్లో కాస్త తికమకగా ఉంటుంది. అలవాటైపోతుంది లెండి."

రంగుల్లో తికమక వస్తే ఏమవుతుందో ఆవిడకేం తెలుసు! నాకు అన్నం పెట్టేదే ఒక రంగు.

నా పని పాడైపోయిన ఎలక్ట్రానిక్ సామాన్లలోంచి బంగారుపూత ఉన్న ముక్కలు ఏరడం. పాత కంప్యూటర్లు, టెలిఫోన్ కేంద్రాల్లోంచి ఊడదీసిన సర్క్యూట్ పలకలు, ప్రింటర్లు మా షెడ్డుకి లారీల్లో వస్తాయి. వెనక హాల్లో సుత్తులతో డొక్కలు పగలగొడతారు. వాటిలోంచి తీసిన పలకలు ముందుగదిలో కిటికీ పక్కనున్న బల్ల మీదికి వస్తాయి. ఆ కిటికీ చోటు పద్దెనిమిదేళ్ళుగా నాది. అక్కడ పడే వెలుతురు ఇంకెక్కడా పడదు. ఆ చోటు మీద కన్నేసినవాళ్ళు చాలామందే ఉన్నారు, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు.

కొత్తగా చేరినవాళ్ళు తళతళలాడే స్క్రూలన్నీ ఏరిపెట్టి మురిసిపోతారు. వాటిని నేను చూడనైనా చూడను. ఒక ముక్క ఇంకో ముక్కను తాకేచోట, పెట్టి తీసేచోట, తుప్పు పడితే యంత్రం ఆగిపోయేచోట వెతకాలి. మెమరీ కార్డు అంచునుండే పళ్ళు, సాకెట్ల లోపలి పిన్నులు, అలాంటివి. అక్కడ కూడా ఇత్తడి దొంగవేషం వేసుకుని కూర్చుంటుంది. సూదితో గీస్తే పూత కింద తెల్లలోహం కనపడాలి. లోపలిదాకా పసుపే ఉంటే అది ఇత్తడి. ఇంకా అనుమానముంటే ఆసిడ్ చుక్క వెయ్యాలి. ఇత్తడైతే ఆకుపచ్చగా పొంగుతుంది. మంచి పూత మీదైతే చుక్క ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటుంది.

మా షెడ్డులో ఆసిడ్ సీసా ఉంది గానీ దాని మూత తీసి ఏళ్ళయింది. నేను చూస్తే చాలు. నన్ను అక్కడ అందరూ భూతద్దం అంటారు. యజమాని కూడా ఎవరైనా బేరానికొస్తే నన్ను చూపించి, "మా ఆసిడ్ సీసా ఇదే, మాట్లాడుతుంది కూడా" అని నవ్వుతాడు. ఆ మాటకి నేను పైకి విసుక్కున్నా లోపల పొంగిపోయేదాన్ని.

ఇక్కడ మా తోడికోడలి సంగతి చెప్పాలి. మా మరిది భార్య. పన్నెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం. ఆమెను షెడ్డులో పనికి పెట్టించింది నేనే. నేను ఏరిన పెట్టెలను తూకం గదికి మోసుకెళ్ళడం ఆమె పని. ఆర్నెల్లకోసారి ఆ సరుకంతా బంగారం కరిగించి తీసే పెద్ద కర్మాగారానికి వెళుతుంది. పోయినసారి అక్కడ బంగారం బాగా తక్కువ తేలింది. నేను ఏరినప్పుడు పెట్టెల నిండా బంగారమే అని ఒట్టేసి చెప్పాను. మరి మధ్యలో ఏమైనట్టు? యజమాని నిఘా పెట్టాడు. రెండోరోజే నడవాలో పెట్టె దించి, అందులో చెయ్యి పెట్టి ఏదో ఏరుతూ మా తోడికోడలు దొరికింది. ఆమె పని కోటు జేబులో ఏడు పిన్నులు ఉన్నాయి.

అందరినీ పిలిచాడు. వెనక హాలు వాళ్ళు కూడా వచ్చారు. ఆ ఏడు పిన్నులూ నా అరచేతిలో పోసి, "చూసి చెప్పు" అన్నాడు. మా తోడికోడలు నావైపే చూస్తోంది. ఆసిడ్ సీసా ఎవరూ తీయలేదు, నేనుండగా ఎందుకు తీస్తారు? కిటికీ దగ్గరికి పట్టుకుని చూశాను. చక్కని పసుపు.

"బంగారుపూతే" అన్నాను.

ఆమె కోటు విప్పి కుర్చీ మీద వేసి వెళ్ళిపోయింది. యజమాని ఆ పిన్నుల్ని ఖాళీ మందుసీసాలో వేసి, అందరికీ బుద్ధి రావాలని నా బల్ల పైనున్న అరలో పెట్టాడు. ఆ రోజే ఇంట్లో పొయ్యి వేరైంది. మా మరిది అన్నతో మాట్లాడటం మానేశాడు. ఆమె అట్టపెట్టెలు మడిచే కొట్టులో చేరింది. ఇంటి నడవాలో ఎదురైతే గోడవైపు తిరిగేది. దొంగతనం చేసి పైగా ఈ పొగరొకటా అని నేను పళ్ళు నూరుకునేదాన్ని. ఇలా ఐదు నెలలు గడిచాయి.

కంటి ఆపరేషను తర్వాత పదిహేను రోజులకి పనిలోకి వెళ్ళాను. కిటికీ దగ్గర కూర్చుని మొదటి పలక చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టాను. మెమరీ కార్డు పళ్ళు పాలిపోయి ఉన్నాయి. ఇంకోటి తీశాను. అదీ అంతే, నీరసంగా, జబ్బుపడి లేచిన మనిషి మొహంలా ఉంది. ఎడమకంటితో చూస్తే మాత్రం ఎప్పటి పసుపే. కంప్యూటర్లు చేసేవాళ్ళు పూత వెయ్యడం మానేశారా, నాకే పిచ్చెక్కిందా అనుకున్నాను.

పొద్దున పదకొండింటికల్లా ఒక పెట్టె నిండా పిన్నులు పనికిరావని పక్కకి తోసేశాను. వెనక హాలునుంచి పలకలు తెచ్చిన సుత్తి బాబాయ్ ఆగిపోయాడు. ఆయన సుత్తితో డొక్కలూ పగలగొడతాడు, మాటల్తో మన బుర్రా పగలగొడతాడు, రెండిటికీ ఆ పేరే.

"ఏంటమ్మా భూతద్దం, పెట్టెకి పెట్టె పారేస్తున్నావ్? నిన్నటిదాకా ఇవి బంగారమేగా?"

"నిన్నటి సంగతి నిన్నది."

"అదేంటి, బంగారం రాత్రికి రాత్రే చచ్చిపోతుందా? మా మేనత్త వాళ్ళింట్లో ఓసారి..."

"బాబాయ్, నీకు పని లేదా?"

ఆయన వెళ్ళాక పెట్టెను మళ్ళీ ముందుకు లాక్కున్నాను. ఎడమకన్ను మూసి చూస్తే అందులో రెండురకాల పసుపులున్నాయి. ఒకటి కాస్త ఎరుపు తిరిగింది, రెండోది నిమ్మకాయ ఛాయ. కుడికన్ను మూసి చూస్తే అంతా ఒకటే రకం. రెండూ తెరిచి చూస్తే ఏదీ ఏదీ కాకుండా అలుక్కుపోయి తలనొప్పి మొదలైంది. పద్దెనిమిదేళ్ళు నన్ను నిలబెట్టిన కన్ను ఒకవైపు, పదిహేనురోజుల కన్ను ఒకవైపు. పాతదాన్ని నమ్మాలా, కొత్తదాన్ని నమ్మాలా? సూదితో గీసి చూశాను. ఎడమకంటికి గీత కింద పసుపే కనపడింది, కుడికంటికి తెలుపు. నా మొహం, సూది కూడా కంటితోనే చూడాలి కదా! ఒక్కొక్క కన్నూ తనదే నిజమని పట్టుబడుతోంది. మధ్యలో నేను ఎవరి తరఫున మాట్లాడాలో తెలియక కొయ్యబారిపోయాను.

అందరూ భోజనాలకి లేచాక ఆసిడ్ సీసా దించాను. మూత బిగుసుకుపోయి ఉంటే గుడ్డ చుట్టి తిప్పాల్సివచ్చింది. ఎవరైనా చూస్తారేమోనని, ఏదో తప్పుడు పని చేస్తున్నట్టు గుమ్మంవైపు చూస్తూనే ఉన్నాను. కుడికన్ను వేరుచేసిన రెండు గుంపుల్లోంచి పదేసి పిన్నులు తీసి, గాజుపలక మీద పరిచి, చుక్కలు వేశాను. ఎరుపు తిరిగిన పదీ నిశ్శబ్దంగా ఉన్నాయి. నిమ్మఛాయవి పదీ బుసబుసమని ఆకుపచ్చగా పొంగాయి.

అంటే కుడికన్ను నిజం చెప్పింది. అంటే ఎడమది అబద్ధం చెప్పింది. ఈరోజే చెప్పిందా, ఎప్పటినుంచో చెబుతోందా? ఈ పొర ఒక్కరోజులో వచ్చేది కాదని డాక్టరమ్మ అంది. ఏళ్ళ తరబడి ముదిరిందని అంది. ఐదు నెలల కిందట నా రెండు కళ్ళకీ పొర ఉంది.

ఆ ఆలోచన రాగానే తల పైకెత్తి అరవైపు చూడాలనిపించింది. చూడలేదు. సాయంత్రం దాకా మెడ బిగబట్టుకుని పని చేశాను. ఆ సీసాలోవి బంగారమైతే నేను నేనే, నా చోటు నాదే. ఇత్తడైతే మా తోడికోడలు దొంగ కాదు, ఆమెను దొంగను చేసింది నా నోరు. పైగా కర్మాగారంలో బంగారం తక్కువ తేలింది కూడా నావల్లే. మర్నాడు తెలుసుకోవచ్చులే అని బయల్దేరాను. ఇంటి గుమ్మంలో ఆమె ఎదురై గోడవైపు తిరిగింది. ఎప్పుడూ ఒళ్ళు మండేది, ఆ రోజు మాత్రం నేనే ముందు గోడవైపు తిరిగాను. ఎందుకలా చేశానో నాకే తెలియలేదు.

మర్నాడు అందరికంటే ముందు వెళ్ళి సీసా దించాను. మూత కూడా తీయక్కర్లేకపోయింది. గాజులోంచే కనపడుతున్నాయి, ఏడూ నిమ్మఛాయలో. అయినా నమ్మబుద్ధి కాలేదు. ఎడమకంటితో చూసి, 'బంగారమే, బంగారమే' అని నాకు నేను చెప్పుకున్నాను. ఒక్కోదాని మీద ఒక్కో చుక్క వేశాను. మొదటిది పొంగింది. రెండోది, మూడోది పొంగాయి. ఏడోది పొంగకూడదని ఎవరిని వేడుకున్నానో తెలియదు. అదీ పొంగింది.

ఆమె పెట్టెలోంచి బంగారం తీయలేదు. నేను బంగారంలో కలిపేసిన ఇత్తడిని తీస్తోంది. అంతకు కొన్నాళ్ళ ముందు ఓసారి, "అక్కా, ఇది ఇత్తడేమో చూడు" అని ఒక పిన్ను పట్టుకొచ్చింది. నాకు నేర్పేంత దానివయ్యావా అని అందరి ముందూ కసిరి పంపాను. ఆ తర్వాత ఆమె నన్ను అడగడం మానేసింది. మోసుకెళుతూ దారిలో తనే ఏరి జేబులో వేసుకోవడం మొదలుపెట్టిందన్నమాట.

యజమాని వచ్చాక గాజుపలక చూపించి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పచ్చటి నురగవైపు, నావైపు మార్చి మార్చి చూశాడు.

"నీ కన్ను ఇప్పుడు బాగైందిగా?" అన్నాడు చివరికి.

"ఒకటి బాగైంది."

"రెండోదీ అవుతుంది. ఆవిడెలాగూ వేరేచోట కుదురుకుంది. ఇప్పుడిదంతా తవ్వుకుంటే నీకే చిన్నతనం. ఆ పిన్నులు సీసాలో వేసి ఇటివ్వు, పారేద్దాం. నువ్వూ నేనూ తప్ప ఎవరికి తెలుసు?"

ఆ మాట అమృతంలా చెవిలో పడింది. అబద్ధమెందుకు, ఒక్కక్షణం సరేనందామనే అనిపించింది. సీసా ఆయన చేతికి ఇచ్చాను కూడా. ఆయన దాన్ని చెత్తడబ్బాలో వెయ్యబోతుంటే నేనే మళ్ళీ లాక్కున్నాను. నేనేం చేస్తున్నానో ఆయనకీ అర్థం కాలేదు, నాకూ అర్థం కాలేదు.

"ఆ రోజు అందర్నీ పిలిచారుగా సార్. ఇవాళ కూడా పిలవండి."

వెనక హాలు వాళ్ళంతా వచ్చారు. ఆమె దొంగ కాదని, నా కళ్ళు పోయాయని, అప్పటి పిన్నులు ఇత్తడివని చెప్పాను. మొదటిసారి చెప్పింది నాకే సరిగా వినపడలేదు, రెండోసారి గట్టిగా చెప్పాను. సుత్తి బాబాయ్ నోట ఒక్క మాట రాలేదు. ఆయన మాట్లాడకుండా ఉండటం నా జన్మలో అదే చూడటం.

యజమాని అందరి ముందూ ఇక వెనక్కి తగ్గలేకపోయాడు. "రెండో కన్ను అయ్యేదాకా వెనక హాల్లో ప్లాస్టిక్కు వేరు చెయ్యి. తర్వాత సంగతి తర్వాత చూద్దాం. ఆవిణ్ణి రమ్మను, కిటికీ దగ్గర కూర్చోమను" అన్నాడు. మధ్యాహ్నం నుంచి నేను వైర్లకున్న తొడుగులు ఒలిచాను. కిటికీ పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. కానీ లోపల ఒక మూల కాస్త తేలిగ్గా ఉంది. నేను అబద్ధమాడలేదు కదా. నాకు కనపడిందే చెప్పాను. ఆమెకు ఈ మాట చెబితే అర్థం చేసుకుంటుంది, పొయ్యి మళ్ళీ కలుస్తుంది అని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను.

ఆమె పెరట్లో తీగ మీద బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది.

"ఆగు. నీతో మాట్లాడాలి."

"నాకేం మాటల్లేవు."

"ఆ పిన్నులు ఇత్తడివి."

ఆమె చేతిలోని తడిచీర అలాగే ఉండిపోయింది. "నాకు తెలుసు" అంది.

"నాకు తెలీదు. ఒట్టు, నాకు తెలీదు. కళ్ళకి పొర వచ్చింది. అన్నీ ఒకే రంగులో కనపడేవి. నిన్నే తెలిసింది. ఇవాళ పొద్దున అందరి ముందూ చెప్పేశాను. నువ్వు దొంగవి కాదని చెప్పాను. సార్ నిన్ను రమ్మన్నారు. కిటికీ చోటు నీదే."

ఆమె చీర మళ్ళీ బకెట్లో వేసి నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఐదు నెలల తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూసింది. నా రెండు కళ్ళనీ ఒకదాని తర్వాత ఒకటి పరీక్షగా చూసింది.

"ఆ రోజు నువ్వు ఇత్తడి అంటావని నేను నీవైపే చూస్తున్నా అక్కా. నువ్వు బంగారం అన్నావు."

"కనపడలేదే! నిజంగా బంగారం అనుకునే అన్నాను."

"నువ్వు కావాలనే అన్నావనుకున్నా. నేను నీ తప్పు పట్టుకున్నానని, నీ చోటుకి ఎసరు పెడతానని భయపడి అబద్ధమాడావనుకున్నా. చచ్చేంత కోపమొచ్చింది. కానీ పోనీలే, పద్దెనిమిదేళ్ళ చోటు కదా, ఎవరైనా అలాగే చేస్తారేమో అని ఒక్కోసారి సర్దుకునేదాన్ని. అక్క మనసులో నేను దొంగని కాదని తెలుసుగా, నోరే అలా అందిలే అనుకునేదాన్ని."

క్షమించమని అడగడానికి వచ్చినదాన్ని, దేనికి క్షమించమని అడగాలో తేల్చుకోలేక నిలబడిపోయాను. నా దగ్గరున్న ఒక్క సాకూ ముందే చెప్పేశాను.

"అయితే నువ్వు అబద్ధమాడలేదన్నమాట" అంది ఆమె నెమ్మదిగా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిజంగానే నేను దొంగననుకున్నావన్నమాట."

"అవును" అన్నాను.